కొవ్వొత్తి మసి నుంచి జీవకణం లోపలికి

2004లో అమెరికాలోని సౌత్ కరొలైనా విశ్వవిద్యాలయంలో వాల్టర్ స్క్రివెన్స్ బృందం తలపెట్టింది కొత్త పదార్థాన్ని కనిపెట్టే పని కాదు, ఉన్నదాన్ని శుభ్రం చేసే పని. కర్బన నానోనాళాల మీద ప్రయోగశాలలన్నీ ఎగబడుతున్న రోజులవి. గ్రాఫైట్ కడ్డీల మధ్య విద్యుత్ ఆర్క్ వెలిగిస్తే పుట్టే మసిలో ఈ నాళాలు ఉంటాయి. వాటితో పాటు అక్కర్లేని కర్బనం కూడా బోలెడంత వస్తుంది. అందులోంచి నాళాలను ఏరి తీయడమే అందరికీ తలనొప్పి. ఈ బృందం మసిని నైట్రిక్ ఆమ్లంతో శుద్ధిచేసి, కొద్దిగా క్షారగుణం ఉన్న నీటిలో కలిపింది. నల్లటి ద్రవం తయారైంది. దాన్ని జెల్‌లోకి ఎక్కించి కరెంటు పెట్టారు.

జీవరసాయన ప్రయోగశాలల్లో డీఎన్ఏ ముక్కలనూ ప్రొటీన్లనూ విడదీసేది ఈ పద్ధతిలోనే. విద్యుదావేశం ఉన్న రేణువులు జెల్‌లోని సన్నటి రంధ్రాల గుండా రెండో కొస వైపు కదులుతాయి. పెద్దవి వెనకబడతాయి, చిన్నవి ముందుకు పోతాయి. ఆ రోజు జెల్‌లో పొడవాటి నాళాలు మొదట్లోనే చిక్కుబడిపోయాయి. పొట్టి నాళాలు నల్లటి పట్టీగా నెమ్మదిగా నడిచాయి. వీటన్నిటినీ దాటుకుని ముందుకు పరిగెత్తిన పట్టీ మరొకటి ఉంది. అతినీలలోహిత దీపం కింద పెట్టి చూస్తే అది వెలుగుతోంది! ఆ భాగాన్ని వేరుచేసి, అణుభారాన్ని బట్టి ఆపే వడపోత పొరల గుండా పంపితే ఒక్కో వంతు ఒక్కో రంగు చూపింది. చిన్న రేణువుల వంతు నీలి ఆకుపచ్చగా, తర్వాతిది పసుపుగా, పెద్ద రేణువులది నారింజ రంగులో కనబడింది.

వెతికింది నాళాల కోసం. దొరికింది వాటి నుంచి తీసి పారేయాల్సిన మలినంలో.

తర్వాత కార్బన్ డాట్ అని పేరు తెచ్చుకున్న ఈ రేణువు పుట్టిందే శుద్ధి చేసే బల్ల మీద. ఇరవై ఏళ్లు దాటాక కూడా దాని మంచిచెడ్డలు తేలుతున్నది ఆ బల్ల మీదే. దీన్ని తయారుచేయడం చాలా తేలిక. తయారైన సీసాలో నిజంగా ఏముందో తేల్చడం మాత్రం చాలా కష్టం. దాని కథంతా ఈ రెంటి మధ్యే నడిచింది.

జీవకణాన్ని చూడాలనుకునేవాళ్లకు ఇలా వెలిగే రేణువుతో ఏం పని? కణం దాదాపు పారదర్శకంగా ఉంటుంది. మామూలు సూక్ష్మదర్శిని కింద అంచులు లీలగా కనిపిస్తాయి తప్ప లోపల ఏది ఎక్కడుందో తెలియదు. రంగు అద్దవచ్చు గానీ, పాత రంగుల్లో చాలావాటికి కణాన్ని ముందుగా చంపి, గాజు పలకకు అంటించుకోవాలి. బతికున్న కణంలో జరిగే పనులు చూడాలంటే దాన్ని చంపకుండా లోపలికి వెళ్లి, మనం కోరినప్పుడు వెలిగే పదార్థం కావాలి. ఇక్కడ అక్కరకొచ్చేది ప్రతిదీప్తి, అంటే ఫ్లోరోసెన్స్. కొన్ని పదార్థాలు ఎక్కువ శక్తి గల కాంతిని పీల్చుకుని, అందులో కొంత శక్తిని వేడిగా పోగొట్టుకుని, మిగిలినదాన్ని తక్కువ శక్తి గల కాంతిగా వెంటనే తిరిగి ఇచ్చేస్తాయి. క్వినైన్ ద్రావణం కంటికి కనబడని అతినీలలోహిత కాంతిని మింగి నీలి వెలుగు ఇవ్వడం వెనుక ఉన్నది ఇదేనని 1852లో జార్జ్ గేబ్రియల్ స్టోక్స్ వివరించాడు. పడే కాంతి ఒక రంగు, వచ్చే కాంతి మరో రంగు కావడం సూక్ష్మదర్శినికి గొప్ప వరం. పడే రంగును ఫిల్టర్‌తో ఆపేస్తే నల్లటి నేపథ్యంలో వెలిగే పదార్థం ఒక్కటే కళ్లబడుతుంది.

ఈ పనికి మూడు రకాల సాధనాలు అప్పటికే ఉన్నాయి. మొదటివి సేంద్రియ రంగులు. వాటితో చిక్కేమిటంటే, బలమైన కాంతి కింద త్వరగా వెలిసిపోతాయి. రెండోది 1962లో ఒసాము షిమోమురా జెల్లీఫిష్ నుంచి వేరుచేసిన ఆకుపచ్చ ప్రొటీన్. 2008లో నోబెల్ అందుకున్న ఆవిష్కరణ అది. దాన్ని వాడాలంటే మాత్రం కణంలోకి ఓ జన్యువును చొప్పించాలి. మూడోవి క్వాంటం డాట్లు. కాడ్మియం సెలినైడ్ లాంటి అర్ధవాహకాలతో చేసిన ఈ నానోరేణువులు సైజును బట్టి రంగు మారుస్తాయి, తొందరగా వెలిసిపోవు. 1998లో వీటితో జీవకణాలకు, ప్రొటీన్లకు గుర్తులు పెట్టవచ్చని రెండు బృందాలు చూపించాయి. ఈ రేణువుల మీద పునాది పరిశోధన చేసిన అలెక్సీ ఎకిమోవ్, లూయీ బ్రూస్, మౌంగీ బవెండీలకు 2023లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది.

అన్నీ బాగున్నాయి, కాడ్మియం ఒక్కటే బాగాలేదు. జపాన్‌లో జింజు నది పరివాహకంలో గని వ్యర్థాల కాడ్మియం వరి పొలాల్లోకి చేరి, ఆ బియ్యం తిన్నవాళ్ల మూత్రపిండాలను దెబ్బతీసి, ఎముకలను పెళుసుగా మార్చిన ఇతాయ్-ఇతాయ్ వ్యాధి చరిత్ర ప్రపంచానికి తెలుసు. క్వాంటం డాట్‌లో కాడ్మియం బందీగానే ఉంటుంది కదా అని కొందరు వాదించారు. 2004లో శాన్ డియెగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సంగీతా భాటియా బృందం కాలేయ కణాల మీద పరీక్షించి చూసింది. గాలి సోకినా, అతినీలలోహిత కాంతి తగిలినా రేణువు ఉపరితలం ఆక్సీకరణం చెంది కాడ్మియం అయాన్లు బయటికి వస్తున్నాయని, కణాలు చనిపోతున్నాయని తేలింది. పైన తొడుగులు వేస్తే విషం తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. ఏ కణం బతికుండగా చూడాలనుకున్నామో, చూసే సాధనమే దాని ప్రాణం తీస్తే ఆ చూపుకు అర్థం లేదు. కర్బనం మీద ఆశలు పెరగడానికి ప్రధాన కారణం ఇదే. ఒంట్లో ప్రతి ప్రొటీన్‌లోనూ, ప్రతి కొవ్వు అణువులోనూ ఉన్న మూలకం అది.

కానీ కర్బనం వెలగకూడదే! గ్రాఫైట్ నల్లగా ఉంటుంది, మసీ నల్లగానే ఉంటుంది. వాటి పలకల్లో ఎలక్ట్రాన్లు ఎల్లలు లేకుండా తిరుగుతుంటాయి. అందుకే పీల్చుకున్న శక్తి కాంతిగా బయటపడేలోగానే వేడిగా మారిపోతుంది. పలకను రెండు మూడు నానోమీటర్ల తునకలుగా చేసి, అంచుల్లో ఆక్సిజన్, నైట్రోజన్ పరమాణువులను తగిలిస్తే పరిస్థితి వేరు. ఎలక్ట్రాన్లు తిరిగే చోటు ఇరుకైపోతుంది, వాటికి నిర్దిష్టమైన శక్తిమెట్లు ఏర్పడతాయి, మెట్టు దిగేటప్పుడు కాంతి వస్తుంది. ఈ వివరణ చాలావరకు నిజమే. అయితే వెలుగు రేణువు లోపలి గర్భం నుంచి వస్తుందా, ఉపరితలం మీది లోపాల నుంచి వస్తుందా, లేక రేణువుకు అంటుకున్న చిన్న అణువుల నుంచి వస్తుందా అన్నది తయారీ పద్ధతిని బట్టి మారుతుంది. శాస్త్రవేత్తల మధ్య వాదోపవాదాలు ఇంకా ముగియలేదు.

ఉపరితలం ఎంత ముఖ్యమో 2006లో సౌత్ కరొలైనా రాష్ట్రంలోనే ఉన్న క్లెమ్సన్ విశ్వవిద్యాలయంలో యా-పింగ్ సన్ బృందం కళ్లకు కట్టింది. వాళ్లు గ్రాఫైట్ పొడినీ సిమెంటునూ కలిపి వేడిమీద అదిమి బిళ్ల చేశారు. 900 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆర్గాన్, నీటి ఆవిరి సాగుతుండగా దాని మీద లేజర్ కొట్టారు. ఎగిరిపడిన కర్బన ధూళిని నైట్రిక్ ఆమ్లంలో 12 గంటలు మరిగించారు. ఏమీ వెలగలేదు. అప్పుడు కొసల్లో అమైన్లున్న పాలిథిలీన్ గ్లైకాల్ అనే పాలిమర్‌తో కలిపి, 120 డిగ్రీల దగ్గర 72 గంటలు ఉంచారు. మూడు రోజుల తర్వాత చూస్తే సీసాలో చక్కటి వెలుగు! పాలిమర్ గొలుసులు రేణువు ఉపరితలాన్ని కప్పి, శక్తి వేడిగా జారిపోయే దారులను మూసేశాయన్నమాట. ఇంకో విశేషం, మీద పడే కాంతి రంగు మారిస్తే వచ్చే వెలుగు రంగు కూడా మారింది. కార్బన్ డాట్ అన్న పేరు స్థిరపడింది ఈ పత్రంతోనే.

లేజర్లు, ఆర్గాన్ కొలిమి అందరికీ ఉండవు. మరుసటి ఏడాది పర్డ్యూ విశ్వవిద్యాలయంలో హైపెంగ్ లియు, టావో యే, చెంగ్డే మావ్ కలిసి దీన్ని కొవ్వొత్తి స్థాయికి దింపేశారు. ఆముదం దీపం మీద పళ్లెం బోర్లించి కాటుక పట్టినట్టే, వాళ్లు మండుతున్న కొవ్వొత్తి మీద గాజు పలక పెట్టి మసి పట్టారు. ఈ మసి నీటిలో కలవదు, పైకి తేలి ముద్ద కడుతుంది, వెలగదు కూడా. దాన్ని 5 మోలార్ నైట్రిక్ ఆమ్లంలో 12 గంటలు మరిగించారు. ఆమ్లం మసి రేణువుల అతుకులను కొరికేసి చిన్న తునకలు చేస్తుంది. తునకల ఉపరితలం మీద కార్బాక్సిల్, హైడ్రాక్సిల్ గుంపులను నాటుతుంది. ఆ గుంపుల వల్లే కర్బనం నీటిలో కరగడం మొదలవుతుంది. చల్లార్చి, ఆమ్లాన్ని తటస్థపరచి, డయాలసిస్‌లో లవణాలను పోగొడితే దక్కేది అతినీలలోహిత కాంతి కింద వెలిగే ద్రవం.

ఇక్కడితో ఆగిపోయి ఉంటే అది ముచ్చటైన ప్రయోగంగానే మిగిలేది. వాళ్లు ఆ ద్రవాన్ని మళ్లీ జెల్‌లో నడిపారు. ఒకే కొవ్వొత్తి మసి నుంచి వచ్చిన రేణువులు పట్టీలు పట్టీలుగా విడిపోయాయి. ఒకే అతినీలలోహిత దీపం కింద ఒక పట్టీ ఊదాగా, ఒకటి నీలంగా, ఒకటి ఆకుపచ్చగా, వెనకబడ్డవి పసుపు, నారింజ ఎరుపు రంగుల్లో కనిపించాయి. వేగంగా నడిచినవి నీలం వైపు, నెమ్మదిగా నడిచినవి ఎరుపు వైపు. అంటే సీసాలో ఉన్నప్పుడు కనబడిన వెలుగు ఒకటి కాదు, ఎన్నో రకాల రేణువుల వెలుగులు కలిసిపోయినది. విడదీయకపోతే ఆ సంగతి తెలిసే వీలే లేదు.

లోటు కూడా అప్పుడే తెలిసింది. మింగిన ప్రతి నూరు ఫోటాన్లకు ఎన్ని ఫోటాన్లు తిరిగి ఇస్తుందన్న లెక్కను క్వాంటం దిగుబడి అంటారు. కొవ్వొత్తి రేణువులకు అది 0.8 నుంచి 1.9 శాతం. పోలికకు వాడే ప్రామాణికం మన పాత క్వినైనే. దాని సల్ఫేట్ ద్రావణానికి దాదాపు 54 శాతం.

అదే మసితో జీవకణం వైపు స్పష్టమైన అడుగు వేసిన పరిశోధన ఒకటి మన దేశంలో జరిగింది. కోల్‌కతాలోని ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్ కాంతి పరిశోధనకు కొత్తేమీ కాదు. 1928లో సి.వి. రామన్ తన ప్రఖ్యాత ఫలితాన్ని సాధించింది ఆ సంస్థలోనే. 2009లో నిఖిల్ జానా, సహ పరిశోధకులు మసిని నైట్రిక్ ఆమ్లంతో ఆక్సీకరించి, 2 నుంచి 6 నానోమీటర్ల రేణువులను మిల్లీగ్రాముల లెక్కలో తయారుచేశారు. ఆమ్లం రేణువుల్లోకి ఆక్సిజన్‌తో పాటు నైట్రోజన్‌ను కూడా చేర్చుతోందని, నీటిలో కరిగే గుణానికీ వెలుగుకూ ఆ చేరికే కారణమని వాళ్లు చూపారు. రకరకాల సైజుల మిశ్రమంలోంచి చిన్న రేణువులను మాత్రం వేరుచేస్తే దిగుబడి పెరిగి 3 శాతం దగ్గరకు వచ్చింది. మళ్లీ వేరుచేయడమే! పైపెచ్చు ఆ రేణువులు ఏ ప్రత్యేకమైన పూతా లేకుండానే కణాల్లోకి ప్రవేశించి, అతినీలలోహిత కాంతి కింద ఆకుపచ్చగా వెలిగాయి. మూడు శాతం చూడటానికి తక్కువే. కానీ ఒక్కో కణంలోకి రేణువులు పెద్దసంఖ్యలో చేరతాయి కాబట్టి బొమ్మ తీయడానికి అది సరిపోయింది.

ఇలాంటి ప్రయోగం జరిగే తీరు దగ్గర నుంచి చూడదగ్గది. ప్లాస్టిక్ గిన్నె అడుగున పలచని గాజు తునక పెట్టి, గులాబీ రంగు పోషక ద్రవంలో కణాలను పెంచుతారు. ఒకటి రెండు రోజుల్లో అవి గాజును పట్టుకుని పరుచుకుంటాయి. సూక్ష్మజీవులు పోయేలా వడగట్టిన కార్బన్ డాట్ల ద్రావణాన్ని అందులో కలిపి, 37 డిగ్రీల వేడి, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉండే ఇంక్యుబేటర్లో గంటల తరబడి ఉంచుతారు. తర్వాత ఆ ద్రవాన్ని తీసేసి, ఉప్పు బఫర్‌తో రెండు మూడుసార్లు కడుగుతారు. ఈ కడగడంలో అశ్రద్ధ చేస్తే కణం బయట అంటుకున్న రేణువులు కూడా లోపల ఉన్నట్టే కనబడతాయి. పక్కనే రేణువులు కలపని గిన్నె ఒకటి తప్పనిసరిగా ఉండాలి. కణానికి సహజంగా తనదైన వెలుగు కొంత ఉంటుంది కాబట్టి, రెండు గిన్నెలనూ ఒకే కాంతి కింద, ఒకే ఎక్స్‌పోజర్‌తో చూసి పోల్చాలి.

కణాలు బతికే ఉన్నాయా అన్నది వేరే పరీక్ష. పసుపు రంగు ఎంటీటీ అనే రసాయనాన్ని కలిపితే బతికున్న కణాల్లోని ఎంజైములు దాన్ని ఊదా రంగులోకి మారుస్తాయి. ఊదా ఎంత చిక్కగా ఉంటే అంత ఎక్కువ కణాలు బతికున్నట్టు. చనిపోయిన కణం పొర చిల్లులు పడి ఏ రేణువునైనా లోపలికి రానిస్తుంది. అప్పుడు బొమ్మ ఇంకా బ్రహ్మాండంగా వెలుగుతుంది! అందుకే బొమ్మ ఒక్కటే చూసి సంబరపడే వీల్లేదు.

రేణువు లోపలికి ఎలా వెళ్తుందన్న ప్రశ్నకు యా-పింగ్ సన్ బృందం 2007లో చక్కటి ఆధారం ఇచ్చింది. ఎంసీఎఫ్-7 అనే రొమ్ము క్యాన్సర్ కణాలతో కార్బన్ డాట్లను 37 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచితే కణం పొర, లోపలి కణద్రవ్యం వెలిగాయి, కేంద్రకంలోకి మాత్రం చెప్పుకోదగ్గంతగా చేరలేదు. అదే పని 4 డిగ్రీల చలిలో చేస్తే రేణువులు దాదాపుగా లోపలికి పోలేదు. చలిలో కణం శక్తి ఖర్చుపెట్టి చేసే పనులు ఆగిపోతాయి. కాబట్టి రేణువు పొరను చీల్చుకుని దూరడం లేదని, కణమే దాన్ని పొరతో చుట్టి లోపలికి లాక్కుంటోందని అర్థం.

ఆ ప్రయోగంలో వాడిన కాంతి ఇంకా ఆసక్తికరం. అతినీలలోహిత కాంతి కణాలకు హాని చేస్తుంది. పైగా కణంలో సహజంగా ఉండే ఎన్ఏడీహెచ్, ఫ్లావిన్ల లాంటి అణువులు దాని కింద నీలం, ఆకుపచ్చ రంగుల్లో వెలుగుతాయి. మనం పంపిన నీలి రేణువు ఆ వెలుగులో కలిసిపోతుంది. దీనికి పరిష్కారం 1931లోనే మరియా గెప్పెర్ట్-మేయర్ సిద్ధాంతంలో ఉంది. తక్కువ శక్తి గల రెండు ఫోటాన్లు ఒకేసారి తగిలితే పదార్థం వాటిని కలిపి ఒక్కటిగా మింగగలదని ఆమె లెక్కగట్టింది. 1990లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో విన్‌ఫ్రీడ్ డెంక్, జేమ్స్ స్ట్రిక్లర్, వాట్ వెబ్ దాన్ని సూక్ష్మదర్శినిగా మలిచారు. సన్ బృందం 800 నానోమీటర్ల పరారుణ లేజర్ స్పందనలతో ఇదే పద్ధతిలో కార్బన్ డాట్లను వెలిగించింది. పరారుణ కాంతి కణాన్ని అంతగా బాధించదు, కణజాలంలోకి లోతుగా పోతుంది, లేజర్ కేంద్రీకరించిన చోట తప్ప మరెక్కడా వెలుగు పుట్టదు.

2009లో అదే బృందం ఎలుకల దాకా వెళ్లింది. చర్మం కింద ఎక్కించిన రేణువులు ఒంటి పైనుంచే కనబడ్డాయి. రక్తంలోకి ఎక్కించినవి కొన్ని గంటల్లో మూత్రాశయం దగ్గర వెలిగి, మూత్రంతో బయటికి వచ్చాయి. 28 రోజుల వరకు గమనించిన ఎలుకల్లో చెప్పుకోదగ్గ విషలక్షణాలు కనబడలేదు. ఇది ఒక రకం కార్బన్ డాట్‌కు, ఒక మోతాదుకు సంబంధించిన ఫలితం. కర్బనం కాబట్టి హాని ఉండదనే మాట ఈ రంగంలో తరచుగా వినబడుతుంది గానీ, అది పరీక్ష అక్కర్లేని సత్యం కాదు. ఉపరితలం మీద ఏ గుంపులున్నాయి, ధనావేశమా రుణావేశమా, తయారీలో మిగిలిన రసాయనాలేమిటి అన్నవాటిని బట్టి విషగుణం మారుతుంది. ప్రతి కొత్త రేణువుకూ పరీక్ష మళ్లీ మొదటి నుంచి మొదలవ్వాల్సిందే.

ఆ తర్వాతి సంవత్సరాల్లో తయారీ పద్ధతులు వరదలా వచ్చిపడ్డాయి. మసిని కొరికి చిన్నది చేసే బదులు, చిన్న అణువులను కలిపి కాల్చి రేణువును కట్టడం అన్న దారి తెరుచుకుంది. చైనాలో చక్కెరనూ పాలిథిలీన్ గ్లైకాల్‌నూ నీటిలో కలిపి 500 వాట్ల మైక్రోవేవ్‌లో నిమిషాల్లో తయారుచేశారు. 2012లో ఒడిశాలోని రూర్కెలా ఎన్ఐటీ బృందం నారింజ రసాన్ని ఎంచుకుంది. పిప్పి లేకుండా వడగట్టిన రసాన్ని ఇథనాల్‌తో కలిపి, టెఫ్లాన్ గిన్నె అమర్చిన ఉక్కు ఆటోక్లేవ్‌లో మూత బిగించి, 120 డిగ్రీల దగ్గర 150 నిమిషాలు ఉంచింది. రసంలోని చక్కెరలు, సిట్రిక్ ఆమ్లం, విటమిన్ సి ఆ ఒత్తిడిలో నీటిని కోల్పోయి, ఒకదానికొకటి అతుక్కుని కర్బన రేణువులయ్యాయి. సైజు 1.5 నుంచి 4.5 నానోమీటర్లు, దిగుబడి 26 శాతం. ఎంజీ-63 అనే ఎముక క్యాన్సర్ కణాల్లో అవి చక్కగా వెలిగాయి. కొవ్వొత్తి మసి రోజులతో పోలిస్తే ఇది పెద్ద గెంతు. ఆ తర్వాత ఆకులు, తొక్కలు, పాలు, గింజలు దేన్నీ పరిశోధకులు వదల్లేదు.

అన్నిటికంటే సంచలనం 2013లో చాంగ్‌చున్‌లోని జిలిన్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. బాయ్ యాంగ్ బృందం సిట్రిక్ ఆమ్లాన్ని, అంటే నిమ్మ ఉప్పును, ఇథిలీన్ డైఅమైన్‌తో కలిపి ఆటోక్లేవ్‌లో 200 డిగ్రీల దగ్గర ఐదు గంటలు ఉంచింది. దిగుబడి 80 శాతం దాకా వచ్చింది. క్వినైన్ వెనకబడిపోయింది. ప్రపంచమంతటా ప్రయోగశాలలు ఈ పద్ధతిని అందుకున్నాయి.

అంత వెలుగు ఎక్కడి నుంచి వస్తోంది? ఈ ప్రశ్నను గట్టిగా అడిగిన వాళ్లలో ముందున్నది అదే జిలిన్ బృందం. 2015లో తమ ద్రవాన్ని తామే విడదీసి చూసుకున్నారు. అందులో రేణువులతో పాటు ఐపీసీఏ అనే చిన్న అణువు బయటపడింది. ఒక సిట్రిక్ ఆమ్ల అణువు, ఒక ఇథిలీన్ డైఅమైన్ అణువు కలిసి నాలుగు నీటి అణువులను వదిలేస్తే ఏర్పడేది అది. దాని అణుభారం 180 మాత్రమే. రెండు నానోమీటర్ల కర్బన రేణువు భారం వేలల్లో ఉంటుంది. ఈ చిన్న అణువు ఏ నానోరేణువూ కాదు, మామూలు సేంద్రియ రంగు. నీలి వెలుగులో సింహభాగం దానిదేనని, కొంత రేణువులకు అంటుకుని, కొంత ద్రవంలో విడిగా ఉందని తేలింది. సొంత పేరు తెచ్చిపెట్టిన ఫలితాన్ని ఇలా నిలదీసి, నిగ్గు తేల్చి ప్రచురించడానికి ధైర్యం కావాలి. నానో రంగంలో ఇలాంటి నిజాయతీకి 80 శాతం కంటే ఎక్కువ విలువ ఉంది.

2018లో మిస్సోరి విశ్వవిద్యాలయంలో గ్యారీ బేకర్ బృందం ఈ అనుమానాన్ని మరింత విస్తరించింది. కార్బన్ డాట్ల పేరుతో వెలువడిన ఎన్నో ఫలితాల్లో శుద్ధి సరిగా జరగలేదని, వెలుగు నిజానికి మిగిలిపోయిన చిన్న అణువులదని హెచ్చరించింది. ఇందులోని లోపం అర్థం చేసుకోవడం కష్టం కాదు. ఆటోక్లేవ్ నుంచి తీసిన గోధుమ రంగు ద్రవాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే పెద్ద ముక్కలు అడుగుకు దిగుతాయి. రేణువులు, చిన్న అణువులు రెండూ పైనే ఉండిపోతాయి. ఒక వడపోత కాగితం గుండా పంపినా అంతే. రెంటినీ విడదీసేది డయాలసిస్. అణుభారం వెయ్యి డాల్టన్ల కంటే తక్కువున్న అణువులను మాత్రమే పోనిచ్చే పొరతో చేసిన సంచిలో ద్రవాన్ని నింపి, రెండు కొసలూ క్లిప్పులతో బిగించి, పెద్ద బీకరులో శుద్ధమైన నీటిలో వేలాడదీస్తారు. చిన్న అణువులు మెల్లగా బయటి నీటిలోకి వస్తాయి. కొన్ని గంటలకోసారి ఆ నీటిని మార్చాలి, ఇలా రోజుల తరబడి సాగాలి. ఒక రాత్రి వేలాడదీసి ఊరుకుంటే లోపలా బయటా సమానమైపోయి అక్కడే ఆగిపోతుంది.

నారింజ రసం లాంటి పద్ధతులకూ ఈ ప్రశ్న వర్తిస్తుంది. వాటిలోనూ సిట్రిక్ ఆమ్లమే ముఖ్యమైన ముడిసరుకు. వచ్చే వెలుగు కూడా ఎక్కువగా నీలం, ఆకుపచ్చే. అంతమాత్రాన కార్బన్ డాట్లన్నీ భ్రమ అనుకోవడం తొందరపాటు. కొవ్వొత్తి మసి రేణువులను జెల్ విడదీసింది, క్లెమ్సన్ రేణువులు లేజర్ దెబ్బకు గ్రాఫైట్ నుంచి పుట్టాయి, కోల్‌కతా రేణువుల్లో గ్రాఫైట్ నిర్మాణం స్పష్టంగా ఉంది. వాటి దిగుబడి తక్కువ కావచ్చు గానీ, ఆ వెలుగు ఎవరిదో మాత్రం తెలుసు. జీవకణాల పనికి ఇది ప్రాణప్రదమైన తేడా. చిన్న అణువు కణంలో ఒక చోటికి పోతుంది, రేణువు మరో చోటికి పోతుంది. వెలుగు దేనిదో తెలియకపోతే బొమ్మలో ఏం చూస్తున్నామో కూడా తెలియదు.

మిగిలిన పెద్ద సవాలు రంగు. శరీరంలో రక్తం, కణజాలం నీలి కాంతిని ఎక్కువగా మింగేస్తాయి, చెదరగొడతాయి. దాదాపు 650 నుంచి 950 నానోమీటర్ల ఎరుపు, సమీప పరారుణ కాంతికే లోతు నుంచి బయటపడే దారి ఉంటుంది. అందుకే ఎర్రగా వెలిగే కార్బన్ డాట్ల కోసం గట్టి ప్రయత్నాలు జరుగుతున్నాయి. కర్బనంలోనే దీనికి పోటీదారు ఒకటి ఉంది. అదే నానోవజ్రం. వజ్రపు స్ఫటికంలో ఒక నైట్రోజన్ పరమాణువు పక్కన ఒక ఖాళీ చోటు ఏర్పడితే ఆ లోపం ఎర్రగా వెలుగుతుంది, ఎంతసేపు కాంతి పడినా వెలిసిపోదు. 2005లో తైవాన్‌లో హువాన్-చెంగ్ చాంగ్ బృందం వజ్రపు పొడిని ప్రోటాన్ల ధారతో కొట్టి, 800 డిగ్రీల దగ్గర కాల్చి దీన్ని తయారుచేసింది. దానికి కణ త్వరణ యంత్రం కావాలి, రేణువు కూడా పదుల నానోమీటర్లుంటుంది. కానీ వెలుగు ఎక్కడిదన్న విషయంలో సందేహమే లేదు. ఈ ఒక్క సుగుణం కోసమే దాన్ని ఇష్టపడే జీవశాస్త్రవేత్తలు ఉన్నారు.

ఆస్పత్రుల్లో రోగి ఒంట్లోకి ఎక్కించి బొమ్మ తీసే సాధనంగా కార్బన్ డాట్ ఇంకా వాడుకలోకి రాలేదు. ప్రస్తుతానికి దాని స్థలం పరిశోధనశాల. గిన్నెల్లో పెరిగే కణాలు, ఎలుకలు, నీటిలో లోహపు అయాన్లను పసిగట్టే పరీక్షలే దాని పని. అంతకు మించి ముందుకు పోవాలంటే ఇంకో కొత్త ఆకు రసమో, ఇంకో కొత్త తొక్కో అక్కర్లేదు. ఉన్నవాటిలో ఏముందో తేల్చే ఓపికే కావాలి.

తక్కువ ఖర్చుతో అవుతుంది కాబట్టి, ఈ పని మన కళాశాలల్లోనూ ఎవరైనా చేపట్టవచ్చు. అలా మొదలుపెట్టే విద్యార్థులకు ఒక మనవి. నైట్రిక్ ఆమ్లం మరిగించేటప్పుడు ఫ్యూమ్ హుడ్ లేకుండా ఆ పని ముట్టుకోకండి. ద్రవం వెలగగానే కణాల మీద పోయకండి. డయాలసిస్ సంచి కట్టండి, నీటిని మారుస్తూ ఉండండి, మార్చిన నీటిని పారబోయకుండా దాచండి. దాన్ని కూడా అతినీలలోహిత దీపం కింద పెట్టి, సంచిలో మిగిలిన ద్రవంతో పోల్చి, రెండింటి కొలతలూ నివేదికలో పక్కపక్కనే రాయండి.